గుడ్డ కట్టిన నాలుగో సీసా

ఏక్‌బాల్‌పూర్, కలకత్తా
6 నవంబరు 1966, ఆదివారం

చెల్లి దెబోరాకు,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. నీ కార్డు వచ్చి పన్నెండు రోజులైంది. రోజూ పొద్దున్నే దాన్ని తీసి చదవడం, ఇంకు సీసా మూత తియ్యడం, మళ్ళీ పెట్టెయ్యడం. "ఇంకు ఎండిపోతే ఉత్తరం రాసినట్టేనా?" అని మీ వదిన రోజమ్మ ఇవాళ గుడి నుంచి రాగానే అడిగింది. అందుకని కూర్చున్నాను.

నాకు అర్థమైనంతవరకు సంగతి ఇదీ. తప్పైతే దిద్దు. భీమునిపట్నం మన సంఘంలో నెలకోసారి గుడిలో అందరూ పుచ్చుకునే ప్రభువు బల్లకి ద్రాక్షారసం చేసే పని అమ్మ చేసింది, అమ్మ పోయాక ఇరవై రెండేళ్ళుగా నువ్వు చేస్తున్నావు. కొత్తగా వచ్చిన పాస్టరు గారికి ఆ రసం మీద అనుమానం వచ్చింది. స్కూలు మేష్టారు సెప్టెంబరు మొదటి ఆదివారం బల్ల దగ్గర నుంచి లేస్తూ తల తిరిగిందన్నారు. ఇది ఎండు ద్రాక్ష ఉడకబెట్టిన నీళ్ళు కాదు, పులిసిన సారా అని కమిటీలో మాట పుట్టింది. డిసెంబరు ముప్పై ఒకటిన పెద్దలు కూర్చుని తేలుస్తారు. పులిసిందని తేలితే ఆ పని నీ చేతిలోంచి తీసేసి విశాఖపట్నం నుంచి సీసాలు తెప్పిస్తారు. నువ్వేమో, మా అన్నయ్య కలకత్తాలో ముప్పై ఒక్క ఏళ్ళు దొరల వైను గోడౌనులో పనిచేశాడు, వాసన చూసి చెప్పేస్తాడు, ఆయన ఏది రాస్తే దానికి కట్టుబడతాను అని వాళ్ళందరి ముందూ అన్నావు.

అలా అనే ముందు నన్నొకసారి అడగవలసింది.

సరే, అన్నావు. ఇక్కడి రేవులో పనికి వచ్చే అప్పలసూరి ఈ నెల బయల్దేరతాడన్నావు కదా, అతని చేత ఒక సీసా పంపు.

సీసా అంటే గుర్తొచ్చింది. మా కంపెనీ ఎత్తేశారు. మా పాత దొర తన దేశం వెళ్ళిపోతూ, గోడౌను మూల మిగిలిన ఐదు సీసాలు మా ముగ్గురికీ ఇచ్చి పోయాడు. ముగ్గురంటే నేను, హెడ్ క్లర్కుగా చేసిన భూతనాథ్ బాబు, ఓడల్లో స్టీవార్డుగా ముప్పై ఏళ్ళు దొరలకి వడ్డించిన డిక్రూజ్. ఒక్కోటీ ముప్పై, నలభై ఏళ్ళ నాటి సరుకు. చిక్కల్లా ఏమిటంటే, ఈ ఊరి చెమ్మకి కాగితం తినే వెండిరంగు పురుగులు పుడతాయి. అవి సీసాల మీది చీటీలన్నీ శుభ్రంగా తినేశాయి. స్టాకు పుస్తకంలో ఐదు పేర్లున్నాయి. రెండు క్లారెట్లు, ఒక బర్గండీ, ఒక పోర్టు, అన్నిటికన్నా పాతది ఒక మదీరా. ఏ పేరు ఏ సీసాదో దేవుడికి తెలుసు. భూతనాథ్ బాబు ఇంట్లో భోజనం పెట్టుకుని, రుచి చూసి తేల్చుదామని వాళ్ళ ఆలోచన. సీసాలకి గుడ్డలు కడతారట. ఎందుకంటే సీసా భుజాలు చూస్తే క్లారెట్టో బర్గండీయో సగం తెలిసిపోతుంది, డిక్రూజ్ దొంగచూపు మనిషి.

నన్నూ రమ్మంటున్నారు. నేను మింగనని వాళ్ళకి తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళూ వాసన చూశాను, నోట్లో పోసుకున్నాను, తమ్మపడిగలో ఉమ్మాను. బాప్తిస్మమప్పుడు సారా ముట్టనని మిషను దొరసాని ముందు చెయ్యెత్తి ప్రమాణం చేశాను, ఇంతవరకు చుక్క గొంతు దాటలేదు.

రాళ్ళు ఏరుకుని రేషను బియ్యం తింటున్న
నీ అన్న
సాల్మన్ రాజు


భీమునిపట్నం
17 నవంబరు 1966

అన్నయ్యా,

నీకూ వదినకూ వందనాలు. ఇంకు మూత తీయించినందుకు వదినకి ఇంకో వందనం.

నీ ఉత్తరం మొదటి సగం చదివి ధైర్యం వచ్చింది, రెండో సగం చదివి ఉన్న ధైర్యం పోయింది. ఉద్యోగం కాబట్టి ఇన్నాళ్ళూ ఆ సీసాల మధ్య ఉన్నావు. ఇప్పుడు ఉద్యోగం లేదు, దొర లేడు. మరి ఇప్పుడెందుకు? ఇక్కడ నేను సారా చేశానన్న మాట పడుతూ ఉంటే, అక్కడ నువ్వు సారా విందుకి వెళ్తానని రాస్తావా?

పైగా ఉమ్ముతావు. మనింట్లో పళ్ళు తోముకున్న నీళ్ళు తప్ప ఎవరూ ఏదీ ఉమ్మలేదు. బాగున్నదాన్ని ఉమ్మడమేమిటి, బాగాలేనిదాన్ని నోట్లో పెట్టుకోవడమేమిటి? ఇందులో ఏదో ఒకటి నాకు అర్థమయ్యేలా రాయి.

నువ్వు రాసిన సంగతిలో తప్పేమీ లేదు, ఒక్కటి తప్ప. మేష్టారు తల తిరిగిందని అన్నది బల్ల దగ్గర కాదు, బయట చెప్పులు వేసుకుంటూ. ఆయన పొద్దున్న ఏమీ తినకుండా వస్తారు. ఆ మాట అన్నాను. "తినకుండా వచ్చేవాళ్ళం చాలామందిమి ఉన్నాం అమ్మా" అన్నారు పాస్టరు గారు. చిన్నవాడే, మర్యాదగానే అన్నారు. మర్యాదగా అంటే తిరిగి ఏమీ అనలేం కదా, అదీ నా కోపం.

పెద్దల్లో పెద్దవాడు బంగారయ్య తాత మాత్రం ఒకటే అడిగాడు. "అమ్మీ, మీ యమ్మ సేసినట్టే సేత్తన్నావా, ఏటైనా మార్సినావా?" అన్నాడు. ఒక్క పిసరు మార్చలేదని చెప్పాను. మార్చలేదు కూడా. ఎండు ద్రాక్ష కడిగి, నానబెట్టి, ఉడకబెట్టి, వడగట్టి, అమ్మ గోధుమరంగు జాడీలో పోసి మూత పెట్టడం. నువ్వు ఎప్పుడూ వంటింట్లోకి వచ్చేవాడివి కాదు, నీకు తెలియదు.

అప్పలసూరి ఎల్లుండి రైలెక్కుతాడు. షర్బతు సీసా కడిగి, నిండా పోసి, బిరడా కొట్టి ఇస్తున్నాను. నువ్వు వాసన చూసి ఏది రాస్తే అదే నాకు తీర్పు. ఆ విందుకి మాత్రం వెళ్ళకు.

నీ చెల్లి
దెబోరా


ఏక్‌బాల్‌పూర్
4 డిసెంబరు 1966

దెబోరా,

సీసా క్షేమంగా చేరింది. అప్పలసూరి దాన్ని తన దుప్పటిలో చుట్టి, ఆ దుప్పటిలోనే ఎండు నెత్తళ్ళ చేపలు కూడా చుట్టి తెచ్చాడు. అతను మెట్లెక్కుతూ ఉండగానే "నెత్తళ్ళు వచ్చాయి" అంది మీ వదిన లోపలినుంచి. సీసా తర్వాత బయటపడింది.

ఇప్పుడు తీర్పు. నువ్వు తొందరపడకు. దూరప్రయాణం చేసి, కుదుపులు తిన్న సీసా వెంటనే నిజం చెప్పదు. మా గోడౌనులో ఓడ దిగిన సరుకుని వారాల తరబడి అడ్డంగా పడుకోబెట్టేవాళ్ళం. నిలబెడితే బిరడా ఎండుతుంది, ఎండితే గాలి దూరుతుంది. ఒకసారి కొత్తగా చేరిన గుమాస్తా నూట నలభై సీసాలు సిపాయిల్లా నిలబెట్టి, చూడండి ఎంత బాగున్నాయో అని దొరని పిలిచి చూపించాడు. దొర వచ్చి చూశాడు. కుర్చీ తెప్పించుకుని కూర్చుని, ఆ నూట నలభైనీ వాడి చేతనే ఒక్కొక్కటిగా పడుకోబెట్టించాడు. జోల పాడమన్నాడని కూడా చెప్పుకున్నారు గాని అది నేను వినలేదు.

అందుకని నీ సీసాని నా చిన్న తలగడ మీద పడుకోబెట్టాను. అప్పలసూరి అది చూసి, "బాబూ, దీనికేటి పరుపూ తలగడా? నాను రేవుకాడ గోనెల మీద తొంగుంతన్నాను" అన్నాడు. అతనికి టీ ఇచ్చి పంపించాను.

పది రోజులు పోనీ.

ఉమ్మడం గురించి అడిగావు. ఒక మనిషి గురించి తెలుసుకోవాలంటే రెండు మాటలు మాట్లాడితే చాలు, ఇంట్లో పెట్టుకుని మేపక్కర్లేదు కదా, అలాంటిదనుకో.

నీ అన్న
సాల్మన్ రాజు


భీమునిపట్నం
12 డిసెంబరు 1966

అన్నయ్యా,

బాగుంటే బాగుందని రాసేవాడివి. పది రోజులు ఎందుకు?

అప్పలసూరి తన భార్య జగ్గమ్మకి కార్డు రాయించాడు. ఆమెకి చదువు రాదు. చదివించుకోవడానికి ఎవరి దగ్గరికి వెళ్ళిందనుకున్నావు? మేష్టారి దగ్గరికే. "దెబోరమ్మ సీసాని రాజుబాబు తలగడ మీద తొంగోబెట్టినారు, సుట్టూ సారా సీసాలున్నాయి" అని అందులో ఉందట. అవి నీ పాత ఖాళీ సీసాలని నాకు తెలుసు, ఊరికి తెలుసా? నిన్న పాస్టరు గారు దారిలో ఆగి, మీ అన్నగారు బాగున్నారా అని అడిగారు. అంతే అడిగారు.

నేను ఒక మాట చెబుతాను, విను. నాకు పాట రాదు. ఆదివారం బడిలో చెప్పేంత చదువు లేదు. నీ బావ పోయాక ముందు వరసలో కూర్చోవడం మానేశాను. ఆ గుడిలో నాకంటూ ఉన్న చోటు ఇదొక్కటే. మొదటి ఆదివారం అందరికన్నా ముందు వెళ్ళి, ఆ చిన్న గిన్నెలు వరసగా నింపి, తెల్లగుడ్డ కప్పుతాను. ఆ గుడ్డ సర్దేంతసేపూ గుడి నాది. దాన్ని తీసేస్తే నేను వెనకవరసలో కూర్చున్న ఒక ముసలమ్మని.

నన్ను బుజ్జగించడానికి అబద్ధం రాయకు. నన్ను రక్షించడానికి కూడా రాయకు. కాని ఏదో ఒకటి, ముప్పై ఒకటి లోపల నా చేతికి అందేలా రాయి.

దెబోరా


ఏక్‌బాల్‌పూర్
20 డిసెంబరు 1966

దెబోరా,

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. మీ వదినకి తప్ప ఎవరికీ తెలియదు. నా ముక్కు పని చెయ్యడం లేదు.

కిందటేడు వానల్లో పదిహేను రోజులు జ్వరం పడ్డానని రాశాను కదా. జ్వరం పోతూ పోతూ వాసనని పట్టుకుపోయింది. కిదర్‌పూర్ వంతెన కింద కాలవ పక్కన నిలబడినా నాకేమీ తెలియదు. ఆ వరకు సుఖమే. కాని నువ్వు పంపిన సీసా బిరడా తీసి అరగంట కూర్చున్నాను. మంచినీళ్ళ కుండ మూత తీసినట్టుంది. నాలిక మీద తీపీ పులుపూ తెలుస్తాయి, మిగతాదంతా గోడ. సీసా పడుకోవాలన్నది అబద్ధం కాదు గాని, ఆ పది రోజులూ కావలసింది సీసాకి కాదు, నాకు.

నా ముక్కు లేకపోతే నాకు తెలిసిన మంచి ముక్కులు ఇంకా రెండున్నాయి. వాళ్ళకి చెప్పి అడగొచ్చు. అడిగితే ఏమవుతుంది? "మీ చెల్లెలు చేసిందా? అమృతం" అంటాడు భూతనాథ్ బాబు, మర్యాదస్తుడు. ఎండు ద్రాక్ష అనగానే డిక్రూజ్ మూతి తిప్పుతాడు. ఇద్దరూ సీసాని చూడరు, నన్ను చూస్తారు. అందుకే నువ్వు వద్దన్న విందుకి వెళ్ళాను.

పదిహేడో తారీకు శనివారం సాయంత్రం ఆరున్నరకి, భవానీపూర్‌లో భూతనాథ్ బాబు ఇంట్లో. నీ రసాన్ని ఒక ఖాళీ వైను సీసాలోకి మార్చి పట్టుకెళ్ళాను. దేవుడి దయో ఏమో, దొర ఇచ్చిన ఐదింటిలో ఒకదాని బిరడా ఎండి, సగం కారిపోయి ఉంది. భూతనాథ్ బాబు భార్య, మేమందరం ఆవిడని బౌదీ అంటాం, అంటే వదిన, దాన్ని వాసన చూసి మొహం తిప్పేసి, మొక్కల్లో పోసేసింది. సీసాలకి పాత పంచె గుడ్డలు చుట్టి, దారం ముడులు వేసేది ఆవిడే. ఒక ముడి ఒకటో సీసా, రెండు ముడులు రెండోది. మగవాళ్ళెవరినీ ఆ గదిలోకి రానివ్వలేదు. గుమ్మం దగ్గర నా సీసా అందించి, ఆ కారిపోయినదాని చోట ఇది పెట్టమన్నాను.

"ఇదేమిటి ఠాకుర్‌పో?" అంది. మరిదిని ఇక్కడ అలా పిలుస్తారు.

"మా చెల్లెలిది. చెప్పకండి."

నాలుగు ముడులు వేసింది.

నాలుగోవాడు ఒకడు కావాలని సత్యారావుని కూడా పిలిచారు. సంత్రాగాఛి రైల్వే యార్డులో గార్డుగా చేసి రిటైరయ్యాడు, మనవైపు వాడే. ఇలాంటివి ఎప్పుడూ రుచి చూసిన వాడు కాదు. "ఏమీ తెలియనివాడు ఒకడుండాలి, లేకపోతే మన గొప్ప మనకి తెలియదు" అన్నాడు భూతనాథ్ బాబు. లోపల మాంసం ఉడుకుతోంది. అది తింటే నాలిక మొద్దుబారుతుందని, ముందు సీసాలు, తర్వాతే భోజనం అన్నారు.

సత్యారావు తమ్మపడిగ కేసి చూసి, "ఏటి రాజన్నా, ఆకలితో పిలిసి పుక్కిలించి పొమ్మంతన్నారేటి?" అన్నాడు.

"మింగొచ్చు, నీ ఇష్టం" అన్నాను.

"మరైతే సెప్పరేటి."

మొదటిది క్లారెట్టు. డిక్రూజ్ గ్లాసు వంచి, దీపానికి అడ్డం పెట్టి, ఎరుపు అంచున ఇటుక రంగు తిరిగిందన్నాడు. రెండోది బర్గండీ అని ఇద్దరూ రాశారు. మూడోది మళ్ళీ క్లారెట్టు, చచ్చిపోయిందన్నాడు భూతనాథ్ బాబు, నిజంగా చనిపోయిన మనిషి గురించి చెప్పినట్టే గొంతు తగ్గించి. నేను ప్రతిదీ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు కదా, మొహం దాని పని అది చేసుకుపోతుంది.

నాలుగోది పోశారు.

డిక్రూజ్ నోట్లో పోసుకుని తమ్మపడిగ వైపు వంగాడు. వంగినవాడు ఆగాడు. నిటారుగా కూర్చున్నాడు. గొంతు కదిలింది.

"దీన్ని ఉమ్మితే పాపం, రాజు. దిగాక ఆ వేడి చూశావా? పోర్టుకి తీసిపోదు."

భూతనాథ్ బాబు ఇంకో గుక్క తీసుకున్నాడు. తర్వాత, "ఇది ఒక్క ఏడాది సరుకు కాదు. పాతదాని మీద కొత్తది, దాని మీద ఇంకో కొత్తది. తాత, తండ్రి, మనవడు ఒకే మంచం మీద కూర్చుని మాట్లాడుతున్నట్టుంది" అన్నాడు. "ఆ తాతకి నలభై ఏళ్ళకి తక్కువ లేవు" అని కాగితం మీద రాసుకున్నాడు.

ఐదోది పోర్టు. దాని గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.

కాగితాలు విప్పాం. నాలుగో సీసాకి ఇద్దరూ మదీరా అనే రాశారు. 1920 ప్రాంతం అని ఒకరు, ఇంకా పాతదని ఒకరు. సత్యారావు కాగితం మీద తెలుగులో 'పాయసంలో కిస్‌మిస్' అని ఉంది. నేను చదివి అర్థం చెబితే డిక్రూజ్ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. సత్యారావు ఏమీ అనుకోలేదు. అప్పటికే నాలుగో సీసా నుంచి మూడు గ్లాసులు మింగి ఉన్నాడు, చెవులు ఎర్రబడ్డాయి. బల్ల మీది ఆకుపచ్చ తువ్వాలు తీసి ఊపుతూ, ఖర్గపూర్ లోకలు బయల్దేరుతోందని, జనం తప్పుకోవాలని ప్రకటించాడు. ఆ ఒక్కడి మొహం చూస్తే చాలు, మీ మేష్టారి మాట ఎంత నిజమో తెలిసిపోయేది.

"నీ కాగితమేది రాజూ?" అన్నాడు భూతనాథ్ బాబు.

ఖాళీగా ఉంది. తిప్పి చూపించాను.

"ఏడాదిన్నరగా నాకు వాసన రావడం లేదు" అన్నాను.

గదిలో కదులుతున్నది సత్యారావు తువ్వాలు ఒక్కటే. బౌదీ గుమ్మంలో నిలబడి, "ఇంక ఆ నాలుగోదాని సంగతి కూడా చెప్పెయ్ ఠాకుర్‌పో, మాంసం అడుగంటుతోంది" అంది. చెప్పాను. షర్బతు సీసా, నెత్తళ్ళు, తలగడ, కమిటీ, అన్నీ.

భూతనాథ్ బాబు "ఎండు ద్రాక్షా?" అని ఒకసారి, కాసేపాగి మళ్ళీ ఒకసారి అన్నాడు. తన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. డిక్రూజ్‌కి కోపం వచ్చింది. మాంసం బాగా తిన్నాడు గాని నాతో మాట్లాడలేదు. ఇవాళ్టికీ మాట్లాడలేదు. సత్యారావుకి మాత్రం తాను గెలిచానని అర్థమైంది, ఆ సంగతి ఇప్పటికి సంత్రాగాఛి అంతా తెలిసి ఉంటుంది.

కాబట్టి నిజం ఇదీ. మేష్టారు అబద్ధం ఆడలేదు. నువ్వూ ఆడలేదు. అది వైను. అందులోనూ పాత వైను. కమిటీకి విడిగా ఒక కాగితం రాసి ఇందులో మడిచి పెట్టాను. చదివించడమో, పొయ్యిలో పెట్టడమో నీ ఇష్టం. పొయ్యిలో పెడితే నేను ఎవరికీ చెప్పను.

నాకు ఒక్కటే అంతుపట్టడం లేదు. నెలనెలా చేసే రసానికి నలభై ఏళ్ళు ఎక్కడినుంచి వచ్చాయి? అసలు నువ్వు ఏం చేస్తున్నావు?

సాల్మన్ రాజు


భీమునిపట్నం
8 జనవరి 1967, ఆదివారం

అన్నయ్యా,

అమ్మ ఆ జాడీని ఎప్పుడూ ఖాళీ చెయ్యలేదు. అడుగున నాలుగు వేళ్ళ మందం ఉంచి, కొత్త రసం చల్లారాక దాని మీద పోసేది, పాలకి తోడు వేసినట్టు. బల్ల దగ్గర మిగిలింది కూడా అందులోనే పోసేది. పోయిన నెల బల్లకీ ఈ నెల బల్లకీ మధ్య తెగకూడదు అనేది. కడగడమన్నది లేదు. నేనూ అలాగే చేశాను. అది రసం చేసే పద్ధతిలో భాగమని నాకు అనిపించనే లేదు, జాడీకి మూత ఉన్నట్టే అదీ ఒకటి అనుకున్నాను. అందుకే నీకు రాయలేదు.

ఎప్పటినుంచి అంటావా? నాకు పదేళ్ళప్పటినుంచి. 1922లో నీ బాప్తిస్మం ఆదివారానికి అమ్మ ఆ జాడీ కొన్నది. సారా ముట్టనని నువ్వు దొరసాని ముందు చెయ్యెత్తిన రోజే అందులో మొదటి రసం పడింది. ఆ తర్వాత ఊరొచ్చినప్పుడల్లా నువ్వు బల్ల దగ్గర మింగావు. ఎప్పుడూ ఉమ్మలేదు. ఇది తలుచుకుని ఒక్కదాన్నే వంటింట్లో కూర్చుని నవ్వాను, నన్ను క్షమించు.

నీ ముక్కు సంగతి కిందటి వేసవిలో నువ్వు ఊరొచ్చినప్పుడే నాకు తెలుసు. నీ పక్కనే కుంపటి మీద పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడితే నువ్వు పేపరు రెండో పేజీ తిప్పావు. అయినా నిన్నే ఎందుకు అడిగానంటే, కమిటీకి ముక్కు కావాలి, నాకు నిజం రాసే మనిషి కావాలి. తలగడ మీద పడుకోబెట్టానని రాసినప్పుడు మాత్రం భయం వేసింది, నా కోసం అబద్ధం రాస్తావేమోనని.

ముప్పై ఒకటిన మూడు గంటలకి కూర్చున్నారు. చదవడానికి మేష్టారు చెయ్యి చాపారు. ఇవ్వలేదు. నేనే చదివాను. 'ఇది పులిసింది. తెలిసినవాళ్ళిద్దరు దీన్ని కలకత్తాలోని పాత వైన్ల మధ్య రుచి చూసి, అన్నిటికన్నా పాతదన్నారు. పులియబెట్టాలని చేసింది కాదు.' అంతే కదా నువ్వు రాసింది. దాని కింద నోటితో నేను జాడీ సంగతి కలిపాను, నాలుగు వేళ్ళతో సహా.

బంగారయ్య తాతే ముందు అన్నాడు. "అయితే నాను నలభై నాలుగేళ్ళుగా తాగుబోతునా?"

"అలా అనలేదు తాతగారూ" అన్నారు పాస్టరు గారు.

"నువ్వనలేదు బాబూ, కలకత్తా కాయితం అన్నాది. సరే, తప్పు ఎవురిది? జాడీది. జాడీ కడగమనండి. ఆ అమ్మి సేతిలోంచి పని తీసీడమెందుకు? దాసీసుంటే దాసీసును కదా, తనే సదివింది."

పాస్టరు గారు ఒప్పుకున్నారు. ఇకమీదట నెలనెలా కొత్తది, శనివారం ఉడకబెట్టాలి, మిగిలింది మొక్కలకి పొయ్యాలి, శనివారం సాయంత్రం వచ్చి తాను చూస్తానన్నారు. రండి, టీ ఇస్తానన్నాను.

ఆ సాయంత్రమే జాడీ కడిగాను. చింతపండూ బూడిదా వేసి రుద్దినా అడుగు నలుపు పోలేదు. గరిటె కాడతో గీకాను. గీకుతుంటే అమ్మని తిడుతున్నట్టు అనిపించింది. తర్వాత బోర్లించాను. జనవరి ఒకటి ఆదివారమే కదా, పొద్దున్నే గిన్నెలు నింపి గుడ్డ కప్పాను. రసం పల్చగా, తియ్యగా ఉంది. పిల్లలు కషాయంలా ఉందన్నారు. మేష్టారు అందరూ వెళ్ళేదాకా ఆగి, చెప్పులు వేసుకుంటూ, "ఇక ఎప్పుడూ ఇదేనా అమ్మా?" అని అడిగారు. ఇదేనన్నాను.

అడుగు నాలుగు వేళ్ళూ పారబొయ్యలేకపోయాను. ఇంకో షర్బతు సీసాలో పోసి బిరడా కొట్టాను. జగ్గమ్మకి కొడుకు పుడితే చూడటానికి వచ్చిన అప్పలసూరి మళ్ళీ అక్కడికి వెళ్తున్నాడు, అతనికి ఇచ్చాను. నాకు ఇంట్లో ఉంచుకోవడం ఇష్టం లేదు, పాస్టరు గారికి మాట ఇచ్చాను. నువ్వు ఏం చేస్తావో చెయ్యి.

దెబోరా


ఏక్‌బాల్‌పూర్
29 జనవరి 1967

దెబోరా,

సీసా అందింది. ఈసారి నెత్తళ్ళు లేవట, మీ వదిన చెప్పింది. అప్పలసూరి తానే అడిగి తలగడ తెచ్చి దాని మీద పడుకోబెట్టి, కొడుకుని చూసినట్టు ఒకసారి చూసి వెళ్ళాడు.

ప్రమాణం గురించి రెండు రోజులు ఆలోచించాను. అమ్మే పోసింది కాబట్టి ఆ లెక్క అమ్మ, దేవుడూ చూసుకుంటారని వదిలేశాను. ఇప్పుడు తెలిసింది కాబట్టి ఇకమీద మాత్రం మింగను.

డిక్రూజ్ మాట కలిపాడు. వీధిలో ఎదురై, "మీ చెల్లెలి జాడీ ఎంత లోతు?" అని అడిగాడు. చేత్తో చూపించాను. తల ఊపి వెళ్ళిపోయాడు. భూతనాథ్ బాబు ఆ కాగితం ఇంకా జేబులోనే తిప్పుతున్నాడని బౌదీ అంది. ఇంకో సీసా ఉందా అని కబురు పంపాడు. ఉందని చెప్పలేదు, లేదనీ చెప్పలేదు.

చీటీ అంటిస్తే పురుగులు తింటాయి. అందుకని పెట్టెకి వేసే తెల్లరంగుతో సీసా అడుగున అమ్మ పేరు, 'జెరూషమ్మ, 1922' అని రాశాను. తొమ్మిది కొంచెం వంకరపోయింది. బిరడా మీద మైనం పోసి, మంచం కింద అడ్డంగా పడుకోబెట్టాను.

నిన్న మధ్యాహ్నం సత్యారావు వచ్చి మంచం కిందకి వంగి చూశాడు.

"ఏటిది?" అన్నాడు.

చెప్పాను. ఆ రుచి తెలిసినవాడు కదా, ఒక గ్లాసు అడుగుతాడనుకున్నాను. మంచినీళ్ళు అడిగి తాగి, నాలుగింటి లోకలుకి వెళ్ళిపోయాడు.

నీ అన్న
సాల్మన్ రాజు